దెయ్యం ఊపిరి

“అమ్మా, చెవులు మూసుకోండి. వచ్చేస్తోంది!” అంటూ పళ్ళ డాక్టరు తనే సోఫా అంచుకి జరిగాడు.

ఎవరికీ దొరకని భయానక చిత్రాలు పోగేయడం ఆయనకి పిచ్చి. ఈ సినిమా కాపీ తన దగ్గర తప్ప ఇంకెక్కడా లేదని మహా గొప్ప. అందులో నటులకి బట్టలు కుట్టిన టైలరమ్మని వెతికి పట్టుకుని, ఆదివారం పూట ఇంటికి పిలిచాడు.

తెరమీద తలుపు కిర్రుమంది. చీకట్లోంచి దెయ్యం గర్రు గర్రుమని ఊపిరి పీల్చింది. ఎన్నోసారి వింటున్నా డాక్టరు ఒళ్ళు జలదరించింది.

టైలరమ్మ ఫక్కున నవ్వింది.

“దెయ్యమా నా మొహమా! అది మా ఆయన గురక బాబూ. షూటింగులో నా కుట్టుమిషను పక్కన పడి నిద్రపోతుంటే, సౌండతను మైకు పెట్టేశాడు.”

“గురకా?” ఇరవై ఏళ్ళ భయం తుస్సుమనేసరికి డాక్టరు ప్రాణం ఉసూరుమంది.

“ఇంకోసారి పెట్టవూ బాబూ?”

పెట్టాడు. ఈసారి ఆమె నవ్వలేదు. కళ్ళు మూసుకుంది.

“ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. మాట గానీ దగ్గు గానీ ఎక్కడా రికార్డు చేసుకోలేదు. ఈ గురక పడలేక పక్కగదిలో పడుకునేదాన్ని.”

డాక్టరు మూడోసారి అడక్కుండానే పెట్టాడు. ఇప్పుడది ఎవరో అలసిపోయి హాయిగా నిద్రపోతున్నట్టే వినిపించింది.

సొంత బావమరిది బతిమాలినా కాపీ ఇవ్వని మనిషి, చెయ్యి చాచాడు.

“మీ ఫోనిలా ఇవ్వండమ్మా. సినిమా మొత్తం ఎక్కించనా?”

“ఆ ముక్క చాలు బాబూ. మిగతాది చూడాలంటే నాకు భయం.”