మూడో భాగం ఎలా ఆడావు?

ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు జీతమెంతని అడగడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడందరూ చూసేది ‘శూన్యయానం’ ఆట ఎలా ఆడారన్నదే. సుభాషిణి తను ఆడిన ఆట రికార్డున్న ఫోను ఇంటావిడ చేతికిచ్చింది.

“మొదటి భాగం పిల్లలాట. రెండోది వట్టి యుద్ధం,” అంది ఇంటావిడ పేరిందేవమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ. “మనిషి బయటపడేది మూడోదాంట్లోనే.”

“నాలుగోది ఇంకా బాగుంటుందండీ,” అంది సుభాషిణి మాట మళ్ళించాలని.

“అది తర్వాత చూద్దాంలే అమ్మాయ్.”

మూడో భాగంలో అంతరిక్ష నౌకలో ఐదుగురుంటారు, గాలి నలుగురికే ఉంటుంది. సుభాషిణి ముసలి మెకానిక్‌ని బయటికి నెట్టి తలుపు వేసేసింది. అది చూసే ఇంతకుముందు మూడిళ్ళవాళ్ళు ఆమెను పొమ్మన్నారు.

పేరిందేవమ్మ ఆ ఘట్టాన్ని రెండుసార్లు చూసింది.

“మా వాటాలవాళ్ళంతా మెతక మనుషులు. ఆటలో ఎవర్నీ నెట్టలేక అందర్నీ చంపుకున్నారు. నువ్వే రావాలమ్మా.”

సుభాషిణి హమ్మయ్య అనుకునేలోపే, ఇంటి తాళంచెవితోపాటు నీళ్ళ ట్యాంకు వాల్వులు తిప్పే ఇనప పిడిని కూడా ఆవిడ తెచ్చి చేతిలో పెట్టింది.

“ఎండలు ముదిరితే నీళ్ళు నాలుగు వాటాలకే వస్తాయి. నీ వాటాతో కలిపి ఉన్నవి ఐదు.”