నార్మల్

"చెయ్యి కదపకు," అన్నాడు మొగుడు, సూది గుచ్చుతూ.

ఆమె కదపలేదు. కదిపే ఓపికే ఉంటే ఈ పరీక్ష దాకా వచ్చేదా? ఆరు నెలలుగా ఒళ్లు బరువు, ఎండలోనూ చలి, దువ్వెన నిండా జుట్టు. పొద్దున లేస్తే గొంతు బొంగురు. ఇక మతిమరుపు సంగతంటారా, దాని చిట్టా అంతా అత్తగారి దగ్గర భద్రంగా ఉంది.

"థైరాయిడట, థైరాయిడు!" అంది అత్తగారు టీ గ్లాసు పట్టుకుని. "ఆడలేక మద్దెల ఓడందిట వెనకటికెవత్తో. మొన్న జేబులో పెన్ను చూసుకోకుండా నానబెట్టి నాలుగు చొక్కాలు నీలం చేసింది. అదీ థైరాయిడేనా?"

"రిపోర్టొస్తే తేలిపోతుందిగా అమ్మా," అన్నాడతను. పదేళ్లుగా ల్యాబ్ టెక్నీషియను. రిపోర్టు తప్ప దేన్నీ నమ్మడు. "జబ్బుంటే మందులు వాడుతుంది, పనిమనిషిని పెట్టుకుందాం. లేదంటే మాత్రం ఈ ఏడుపు ఇంట్లో మళ్లీ వినపడకూడదు. సరేనా?"

"సరేనండీ," అంది ఆమె. చాన్నాళ్లకి నవ్వు కూడా వచ్చింది. "పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. చూద్దాం."

రక్తం నింపిన పసుపు మూత గొట్టం మీద తన పేరు తనే రాసుకుంది. వేళ్లు వాచి అక్షరాలు వంకరపోయాయి. అతను దాన్ని జేబులో వేసుకుని హెల్మెట్ అందుకున్నాడు.

"ఆ నలిగిన చొక్కాతోనే వెళ్తావురా?" అంది తల్లి.

"పైన తెల్లకోటేసుకుంటాగా."

జబ్బుండాలని మొక్కుకున్న మనిషి లోకంలో తనొక్కతేనేమో అనుకుంటూ ఆమె మధ్యాహ్నం దాకా ఓపిక పట్టింది. తర్వాత ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"ఏమండీ, నా రక్తం పరీక్షకి పెట్టారా?"

"ఆ? ఆ... మిషన్లో తిరుగుతోంది. మతిమరుపు నీకు గానీ నాకు కాదు."

సాయంత్రం అతను చెప్పులు విప్పకుండానే రిపోర్టు చదివాడు.

"టీఎస్‌హెచ్ రెండు పాయింటు ఒకటి. టీ త్రీ, టీ ఫోర్ కూడా ఉండాల్సినంతే ఉన్నాయి. నార్మల్."

"సరిగ్గా చూశారా?"

"మిషన్ అబద్ధం చెబుతుందా? దానికి అత్తా లేదు, కోడలూ లేదు."

అత్తగారు పకపకా నవ్వింది. ఆమె కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. అంకెలు వరుసగా, శుభ్రంగా ఉన్నాయి. అంటే ఇన్నాళ్లూ వీళ్లన్నదే నిజం. ఒంట్లో జబ్బు లేదు, ఉన్నదల్లా ఉత్త బద్ధకం. ఆమెకి సిగ్గేసింది, దుఃఖం ఆగలేదు.

"తప్పయిపోయింది అత్తయ్యా. ఇక ఆ మాటెత్తను. రేపట్నుంచి ఐదింటికే లేస్తాను."

"నాలుగున్నరకి లే," అంది అత్తగారు.

అతను చొక్కా విప్పి ఆమె భుజం మీద పడేశాడు. "ఆ ఊపులోనే ఇది కూడా ఉతికెయ్."

ఆమె బకెట్ దగ్గరికెళ్లి కూలబడింది. ఈసారైనా మరిచిపోకూడదని, నీళ్లలో ముంచబోతూ గుర్తు పెట్టుకుని జేబు తడిమింది.

తన పేరు రాసిన గొట్టం నిండుగా చేతికొచ్చింది.