తండ్రి పేరు

ఊరంతా మర్యాదగా 'తోక్' అని పిలిచే ఊరిపెద్ద దెరామన్ దగ్గరికి పడవ నడిపే సెమాన్ ఆయాసపడుతూ వచ్చాడు.

"తోక్, కొంప మునిగింది! ముసలి తెల్లదొర ఒకడు మన దురియన్ తోటలో చెట్టు చెట్టూ తడిమి చూస్తున్నాడు. చేతిలో పుస్తకం కూడా ఉంది."

దెరామన్ చప్పున లేచాడు. ఎగువ ఊళ్ళో తగరం కంపెనీవాళ్ళు ఇలాగే వచ్చి పేర్లు రాసుకున్నారు. నెల తిరగకుండా ఆ పేర్లే నేల అమ్మినవాళ్ళుగా కాగితాల మీద తేలాయి. ఊరికి ఊరే ఖాళీ అయిపోయింది.

"ఎవరూ నోరు విప్పకండి. వాడి సంగతి నేను చూసుకుంటా."

తోటలోకి వెళ్ళేసరికి దొర తమ భాషలోనే సలాం చెప్పాడు. దెరామన్ అనుమానం ముదిరింది.

"ఈ చెట్లు ఎవరివి బాబూ?"

"ఎవరివీ కావు తువాన్ దొరగారూ. అడవి చెట్లు."

"మరి మీరు?"

"మొన్న యుద్ధం అయ్యాక వచ్చినవాళ్ళం."

దొర అతని మొహంలోకి పరీక్షగా చూశాడు.

"మీ నాన్న కులుప్ కదూ? అచ్చం ఆయన పోలికే."

ఓరి వీడి దుంపతెగ! నాన్న పేరు కూడా కనుక్కునే వచ్చాడు!

"ఆ పేరు గలవాళ్ళు ఈ ఊళ్ళోనే లేరు," అన్నాడు దెరామన్.

దొర పుస్తకం మూసేశాడు. "అయితే ఊరు తప్పి వచ్చినట్టున్నాను. ముసలితనం. ఏమీ అనుకోకు."

"భలే పంపించావు తోక్!" అని సెమాన్ ఒకటే నవ్వు. కన్నతండ్రిని కాదన్నందుకు దెరామన్‌కి ప్రాణం చివుక్కుమంది. పోనీలే, ఊరు దక్కిందని సరిపెట్టుకున్నాడు.

రెండు నెలలకి భూముల కచేరీ నుంచి పిలుపొచ్చింది. ఏటి ఒడ్డున ఉన్న తమ ఊరి నేలంతా తగరం కంపెనీకి ఇచ్చేస్తున్నారట.

"మా పట్టాలు యుద్ధంలో ఈ కచేరీతోపాటే కాలిపోయాయండీ!" మొత్తుకున్నాడు దెరామన్.

"సాక్షి ఉన్నాడా?" అడిగాడు అధికారి.

"మా పెద్దవాళ్ళంతా పోయారు."

"ఒకాయన సముద్రం దాటి మరీ వచ్చాడయ్యా. ఆ నేల మీ ఊరివాళ్ళదేనని వాంగ్మూలం ఇచ్చి, పేర్లు సరిచూసుకోవడానికి మీ ఊరు వెళ్ళాడు. తిరిగొచ్చి, తనకే మతి తప్పిందని రాసిచ్చినది వెనక్కి తీసుకున్నాడు."

"ఆయన్ని మళ్ళీ పిలిపించండి బాబూ, కాళ్ళు పట్టుకుంటా!"

"తిరుగు ఓడలోనే పోయాడు."

"ఎవరాయన?"

"మీ నాన్న కులుప్‌కి మొదటి పట్టా రాసిచ్చిన జిల్లా దొర."