చిన్న గాటు

"చెప్పులతో ఎక్కితే అసలు బరువెలా తెలుస్తుంది అత్తయ్యా? దిగి మళ్లీ ఎక్కండి."

పెద్ద టీచరు బరువు చూసే మిషను మీంచి దిగి, చెప్పుల్ని విసురుగా మూలకి తన్ని, మళ్లీ ఎక్కింది. ఏళ్ల తరబడి బడి మొత్తాన్నీ గడగడలాడించిన హెడ్ మిస్ట్రెస్ ఆవిడ. ఇప్పుడేమో ఒంట్లో నీరు చేరిందేమోనని పొద్దున్న లేస్తూనే కూరగాయల్లా తూగవలసి వస్తోంది. అదీ తన దగ్గర చదువుకున్న పిల్లలకన్నా చిన్నదైన ఈ పిల్ల ముందు.

గుండెలో కవాటం సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారుతోందని చెప్పినప్పుడు, రొమ్ము చీల్చి తెరుస్తారనే ఆవిడ భయపడింది. తీరా చూస్తే కుడివైపు పక్కటెముకల సందులోంచి సన్నటి పరికరాలు పంపించి బాగుచేశారు. పైకి కనిపించేది చిటికెన వేలంత గాటు. దాంతో తనకి పెద్ద ఆపరేషన్ జరిగిందన్న నమ్మకమే పోయింది ఆవిడకి.

"గాటు చిన్నదే. లోపల కుట్టింది మాత్రం గుండెని," అనేది ఆ పిల్ల, ఆవిడ చేతిలోంచి నీళ్ల బకెట్ లాక్కుంటూ.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే ఆ పిల్ల ఓ బ్యాగు సర్దుకుని వచ్చి ముందుగదిలో మకాం పెట్టేసింది. పొద్దున మాత్రలు, సాయంత్రం నడక, చప్పిడి కూరలు. ఉప్పుడబ్బా ఎక్కడ దాచిందో ఎంత వెతికినా దొరకలేదు. మధ్యాహ్నం బ్యాంకు నుంచి ఫోన్ చేసి మాత్ర వేసుకున్నారా అని అడిగేది. వేసుకున్నానంటే ఊరుకోకుండా, ఏ రంగుదని అడిగేది. పెద్ద టీచరుకి అరికాలి మంట నెత్తికెక్కేది. నీకు ఇల్లూ వాకిలీ లేవా అని ఎన్నిసార్లు కసిరినా ఆ పిల్ల నవ్వేసి ఊరుకునేది.

కొడుకు ఎప్పుడైనా ఫోన్ చేసేవాడు. బాగున్నావు కదా అని అడిగి, జవాబు పూర్తి కాకుండానే పెట్టేసేవాడు. ఆ కాసేపూ ఆ పిల్ల బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకి వెళ్లేది.

కింది వాటా ఆవిడ పైకి వచ్చినప్పుడల్లా, ఇలాంటి కోడలు దొరకాలంటే రాసిపెట్టి ఉండాలని మురిసిపోయేది. పెద్ద టీచరు వెంటనే మాట మార్చేసేది.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆ పిల్లకి ప్రమోషన్ వచ్చిందని, వేరే ఊళ్లో మేనేజరుగా చేరాలని, తనే వాయిదా వేయిస్తోందని ఫోన్ మాటల్లో చెవిన పడేసరికి పెద్ద టీచరు నిజంగానే మండిపడింది.

"నా కోసం ఉద్యోగం వదులుకుంటావా? నీకసలు బుద్ధుందా?"

"వదులుకోలేదు. కొన్నాళ్లు ఆగమన్నాను."

"ఎంతవరకు?"

"మీరు ఆయాసం లేకుండా మన మెట్లన్నీ ఎక్కేదాకా."

ఆ మాటతో పెద్ద టీచరుకి పట్టుదల వచ్చింది. సాయంత్రం నడకకి తనే ముందు చెప్పులు తొడుక్కునేది. మొదట్లో సగం మెట్ల దగ్గరే రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయేది. రానురాను ఆ నిలబడడం తగ్గింది. చివరికి ఒకరోజు ఆగకుండా పైదాకా ఎక్కి, కింద నుంచి వస్తున్న ఆ పిల్లని నత్తనడకేంటని దెప్పింది కూడా.

మళ్లీ పరీక్షకి వెళ్లినప్పుడు డాక్టరు చాలాసేపు తెర మీద గుండెని చూశాడు. లీకు దాదాపు లేదన్నాడు. ఉబ్బిన గుండె గది కూడా సర్దుకుంటోందట. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా తర్వాత చూసుకునేవాళ్లు లేకపోతే కష్టమని అంటూ ఆ పిల్లని మెచ్చుకున్నాడు.

"ఇకనైనా ఆ ఊరు వెళ్లి ఉద్యోగంలో చేరమని మీరే చెప్పండి డాక్టరుగారూ. నా మాట వినదు," అంది పెద్ద టీచరు. గొంతులో ఎప్పటి చిరాకే, కానీ చెయ్యి మాత్రం ఆ పిల్ల చేతిని వదల్లేదు.

"మీ అబ్బాయి కూడా అక్కడికే వెళ్తారు కదా? పాపం, ఇన్ని నెలల్లో ఆయన్ని ఒక్కసారీ చూడలేదు నేను," అన్నాడు డాక్టరు నవ్వుతూ.

ఆ పిల్ల తల దించుకుంది. పెద్ద టీచరు ఈసారి మాట మార్చలేదు.

"మావాడు ఈ పిల్లకి విడాకులిచ్చి మూడేళ్లయిందండీ."