నీ పెన్‌డ్రైవే తెలీదు

"ఆగమ్మా. ముందు వైరస్ ఉందేమో స్కాన్ చెయ్యి."

మెట్టు మీద కూర్చున్న ముసలాయన మళ్లీ మొదలుపెట్టాడు. గిరాకీ ఇచ్చిన పెన్‌డ్రైవ్ అందుకున్న మాన్సా పళ్లు కొరికింది. వీపున కట్టుకున్న పాప కదిలింది.

ఎల్మినా రేవు ఊళ్లో శనివారమంటే అంత్యక్రియలు. పోయినవాళ్ల ఫొటోలు, జీవిత కథ అచ్చేసిన పుస్తకం చేతికి అందకపోతే వచ్చినవాళ్లు మొహాలు మాడ్చుకుంటారు. ఆ పుస్తకాలు మాన్సా ఇంట్లోనే తయారవుతాయి. చదువు మధ్యలో ఆగిన ఆమెకు, పాపకు ఆ కంప్యూటరే కూడు పెడుతోంది.

రెండు నెలలుగా ప్రతి శుక్రవారం ఈయన వస్తున్నాడు. ఎవరో తెలీదు. నీడ కోసమంటాడు. వచ్చినవాళ్లనల్లా ఆపుతాడు.

"ఈ పెన్‌డ్రైవ్ ఎక్కడెక్కడ తిరిగొచ్చింది?"

"తాతా, నువ్వేమన్నా పోలీసువా? గిరాకీ పోతోంది."

"పోనీ. కంప్యూటర్ పోకూడదు. నిన్న కాపీ తీశావా?"

"తీశా, వేరే డిస్కులోకి."

"ఆ డిస్కు ఊడదీశావా?"

"ఊడదీసి పిండి డబ్బాలో పెట్టా! చాలా? ఈ నీతులు ఆ రేవు దగ్గర షాపువాడికి చెప్పాల్సింది. నా చిన్నప్పుడు ఏడు కుటుంబాల ఫొటోలు వైరస్ పాలు చేసి పారిపోయాడు, దరిద్రుడు."

ముసలాయన తెగిన చెప్పు సరిచేసుకున్నాడు.

అంతలో నల్లబట్ట భుజాన వేసుకుని వంశపెద్ద ఇంసైడూ పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు.

"రేపే మా అక్క అంత్యక్రియలు. ఇంకో రెండు ఫొటోలు చేర్చు. ఊఁ, త్వరగా!"

ముసలాయన లేచి అడ్డం నిలబడ్డాడు.

"స్కాన్ అయ్యాకే."

"నేనెవరో తెలుసా?"

"నువ్వు తెలుసు. నీ పెన్‌డ్రైవే తెలీదు."

మాన్సా గబగబా మధ్యకొచ్చింది.

"తాతా, వెళ్లిపో. ఇక రాకు."

ముసలాయన మెట్టు దిగి వెళ్లిపోయాడు.

ఆమె స్కాన్ చెయ్యకుండానే పెన్‌డ్రైవ్ పెట్టింది. నిమిషాల్లో ఫైళ్ల పేర్లన్నీ పిచ్చిగీతలయ్యాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. ఇంసైడూ తల పట్టుకున్నాడు.

మాన్సాకు పిండి డబ్బా గుర్తొచ్చింది.

మెకానిక్‌ను పిలిచి కంప్యూటర్ మొత్తం తుడిపించింది. ఆ తర్వాతే డిస్కు తగిలించింది. తెర మీద ఇంసైడూ అక్క నవ్వింది.

మరుసటి శుక్రవారం కృతజ్ఞతల కార్డుల కోసం ఇంసైడూ మళ్లీ పెన్‌డ్రైవ్ తెచ్చాడు. మాన్సా అరచెయ్యి అడ్డం పెట్టింది.

"స్కాన్ అయ్యాకే."

"నాకే చెప్తావా?"

"మీకే. కుదరదంటే గుమ్మం అటుంది."

ఆయన పెన్‌డ్రైవ్ చేతికిచ్చి కూర్చున్నాడు.

మెట్టు మాత్రం ఖాళీగా ఉంది. మాన్సా సాయంత్రందాకా వీధి వైపు చూస్తూనే ఉంది.

ఆ పై శుక్రవారం ఒకావిడ కాగితం ఫొటో తెచ్చింది.

"మా నాన్న. పెన్‌డ్రైవ్‌లో ఇవ్వొద్దని పోయేముందు మరీ మరీ చెప్పాడు."

ఫొటోలో ముసలాయన.

మాన్సా కొత్త పేజీ తెరిచింది.

"ఏం పని చేసేవారని రాయను?"

"అది వదిలెయ్యమ్మా. చదివితే ఊరు ఊరంతా తిడుతుంది."

"తిట్టనీ. ఎవడొస్తాడో రానీ, నేను సమాధానం చెప్తా. చెప్పక్కా, రాస్తా."

ఆవిడ తల వంచుకుంది.

"రేవు దగ్గర ఆ షాపు... మా నాన్నదే."