బిగించిన మర

"నువ్వు ఈ మరను వదులుగా వదిలేసి పోయినావు. గీజరు పైపు పగిలింది. ఆ నీళ్లలో జారిపడే నా పెండ్లాం నాగవేణి సచ్చిపాయ" అన్నాడు రెడ్డెప్ప, మిద్దెమీద పంపు పక్కనున్న ప్రెషరు తగ్గించే వాల్వును చూపిస్తూ.

ఏడాదిగా వీధంతా ఇదే మాట చెబుతున్నాడు. మదనపల్లెలో ప్లంబరు జాహిద్‌ను పనికి పిలిచేవాళ్లే లేకుండా పోయారు. అందుకే ఈ రోజు జాహిద్ పిలవకుండానే వచ్చాడు.

వాల్వుకు ప్రెషరు కొలిచే మీటరు తగిలించి చూశాడు. "నేను రెండుకు పెట్టినా అప్పా. ఇప్పుడు ఐదు సూపిస్తాండాది. ఎవురన్నా తిప్పినారా?"

"నేనే! పైపులు దడదడమంటాండాయని ఆమె భయపడితే, ప్రెషరు తగ్గాలని గట్టిగా బిగించినా. నీ పని నేను సేసినా."

జాహిద్ మీటరు వైపు మళ్లీ చూశాడు. స్పానరు అతని చేతికిచ్చాడు. "ఇంకొంచెం బిగించప్పా."

రెడ్డెప్ప విసురుగా బిగించాడు. మీటరు ముల్లు ఆరుకు పోయింది.

"ఇది కొళాయి మాదిరి కాదప్పా. బిగిస్తే ప్రెషరు పెరుగుతాది. వదులు సేస్తేనే తగ్గుతాది."

రెడ్డెప్ప మరను వెనక్కి తిప్పాడు. ముల్లు దిగింది. ముందుకు తిప్పాడు. ఎక్కింది.

మర బిగించిన రోజు తాను మిద్దె దిగగానే, "దడదడ ఇంకా ఎక్కువైంది, సూడు" అంది నాగవేణి. "నీకు అన్నిటికీ భయమే" అని కసిరాడు తను.

"పోనీలేప్పా. ఈడ మనమిద్దరమే ఉండాము" అన్నాడు జాహిద్ మెల్లగా.

రెడ్డెప్ప ముల్లును రెండు మీద నిలిపాడు. పిట్టగోడ దగ్గరికి వెళ్లి వీధిలోకి వంగి, ఏడాది కిందట జాహిద్ మీద అరిచినంత గట్టిగానే అరిచాడు.

"అందరూ రాండి! మా నాగవేణిని ఎవురు సంపినారో సెప్తా."