ఉబ్బిన నరం

"మీ కాల్లో ఉబ్బిన నరాన్నే తీసి, చుట్టూ వలలాంటి తొడుగు వేసి, మూసుకుపోయిన రక్తనాళానికి పక్కదారిగా కుడతాం. కాలు దక్కుతుంది," అన్నాడు డాక్టరు.

ప్రొద్దుటూరు ఫ్యాక్షన్ నాయకుడు తిమ్మారెడ్డి మొహం చిట్లించాడు. "ఆ పాడుబడిన నరం నాకేంది సారూ? మా దేవపాలుండాడు. వాని కాల్లోంచి మంచిది తియ్యండి."

దేవపాలు తాగిన గ్లాసు ముట్టని పెద్దమనిషికి దేవపాలు నరం మాత్రం కావాలట!

డాక్టరు నోరు తెరిచేలోగా, వాకిలి దగ్గర నిలబడిన దేవపాలు పంచె పైకెత్తాడు. మోకాలి కింద కొయ్యకాలు.

"జమ్మలమడుగు ఎలక్షన్లలో మీ మీదికొచ్చిన బాంబుకు నేనే గదన్నా అడ్డం పడింది. మర్చిపోయినారా?"

తిమ్మారెడ్డి విసుక్కున్నాడు.

"నేనడిగింది ఆ కాలు గాదులేరా. రెండోదుంది గదా!"